సేవ చేసేవారికీ వైద్యం కావాలి



పక్షవాతం వచ్చిన అత్తగారిని చక్రాల కుర్చీలో తోసుకుంటూ ఒక కోడలు ఓపీకి వస్తుంది. మేము పెద్దావిడ బీపీ చూస్తాం, మందులు రాస్తాం, పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్క మార్చమని చెబుతాం. ఆ పక్క మార్చే మనిషి రాత్రి నిద్రపోయిందా అని మాత్రం చాలాసార్లు అడగం. ఈ పొరపాటు మాది కూడా అని ముందుగా ఒప్పుకుంటున్నాం.

మంచాన ఉన్నవారికి సేవ చేసేవారు అలసిపోవడం సహజమే. కానీ అలసట వేరు, డిప్రెషన్ వేరు. అలసట కాస్త విశ్రాంతి దొరికితే తగ్గుతుంది. రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ దిగులు, దేనిమీదా ఇష్టం లేకపోవడం, తెల్లవారుజామునే మెలకువ రావడం, అన్నం సహించకపోవడం, నేనెందుకూ పనికిరానన్న భావన ఉంటే డాక్టరుకు చూపించుకోవాలి. రక్తహీనత, థైరాయిడ్ లోపం వల్ల కూడా ఇలాంటి నీరసం రావచ్చు కనుక అవసరమైతే ఆ పరీక్షలు కూడా చేయిస్తారు.

డాక్టరు మాత్ర రాయగానే ఇంట్లో మూడు మాటలు వినిపిస్తాయి.

మొదటిది, “అవి పిచ్చివాళ్ల మాత్రలు కదా?” కాదు. సెర్ట్రలిన్, ఎసిటలోప్రామ్ వంటి మందులను డిప్రెషన్‌కు, తీవ్రమైన ఆందోళనకు ప్రపంచమంతటా వాడుతున్నారు.

రెండవది, “అలవాటైపోతుందేమో!” అలవాటుపడే ప్రమాదం ఉన్నది మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అల్ప్రజోలామ్ వంటి మాత్రలకు. డిప్రెషన్ మందులు ఆ కోవకు చెందినవి కావు. అయితే వీటిని ఒక్కసారిగా మానేస్తే తలతిరగడం, చిరాకు, నిద్రలేమి కలగవచ్చు. అందుకే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

మూడవది, “ప్రార్థన చేసుకుంటే చాలదా?” ప్రార్థన మానమని మేము చెప్పం. కానీ బదరీ వృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాను తలచుకోండి. ఆయనకు ముందుగా దొరికింది మందలింపు కాదు. నిద్ర, రొట్టె, నీళ్లు. షుగరుకు మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కానప్పుడు దీనికి వేసుకోవడం ఎలా అవుతుంది?

మందు మొదలుపెట్టాక మొదటి రెండు వారాలు ఓర్చుకోవాలి. వికారం, తలనొప్పి, కాస్త కంగారు, నిద్రలో తేడా రావచ్చు. చాలామందిలో ఇవి క్రమంగా తగ్గుతాయి. మేలు కనబడటానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. చాలామంది మధ్యలోనే మానేసేది ఇక్కడే: ఇబ్బంది ముందు వస్తుంది, మేలు వెనక వస్తుంది. కుదుటపడిన తరువాత కూడా కనీసం ఆరు నెలలు వాడవలసి ఉంటుంది.

మీరు ఆస్పిరిన్, ఒంటినొప్పుల మాత్రలు వాడుతున్నా, గర్భిణి అయినా, బిడ్డకు పాలిస్తున్నా, గతంలో విపరీతమైన ఉత్సాహంతో నిద్ర లేకుండా గడిపిన రోజులున్నా డాక్టరుకు ముందే చెప్పండి. మొదటి వారాల్లో, ముఖ్యంగా 25 ఏళ్లలోపు వారిలో, చనిపోవాలన్న ఆలోచనలు వచ్చినా పెరిగినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ ఉచిత సేవను కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించింది.

ఇక మా అసలు మాట. మాత్ర మనసుకు బలమిస్తుంది కానీ అత్తగారి పక్క మార్చదు, రాత్రి మేలుకోదు. కోడలికి మాత్ర ఇప్పించి చాకిరీ మొత్తం ఆమె మీదే వదిలేస్తే అది సగం వైద్యమే. పెద్దావిడకు కొడుకులున్నారు, కూతుళ్లున్నారు. వారానికి రెండు రాత్రులు వారెవరైనా వంతు తీసుకోవాలి. దూరాన ఉన్నవారు ఆయాకు డబ్బు పంపవచ్చు. సంఘస్తులు పరామర్శకు వెళ్లినప్పుడు రోగి మంచం దగ్గరే కూర్చోక, “నువ్వు కాసేపు పడుకో అమ్మా, మేము చూసుకుంటాం” అనవచ్చు.

సేవ చేస్తున్న తల్లులారా, అన్నలారా, మీకొక మనవి. ఈసారి మీవారిని చూపించడానికి వచ్చినప్పుడు మీ పేరున కూడా ఒక ఓపీ చీటీ రాయించుకోండి. మేము అడగడం మరచిపోతే, మీరే గుర్తుచేయండి.