నవ్వు దాచుకునే వాళ్ళ కోసం

గ్రూపు ఫోటోలో "నవ్వండి" అంటే నేను పెదవులు బిగిస్తాను. మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. చిన్నప్పుడు తాగిన బోరునీళ్ళలోని ఫ్లోరైడు నా పళ్ళ మీద గోధుమరంగు మచ్చలై మిగిలింది. "పళ్ళు తోమవా?" అని అడిగినవాళ్ళు ఎందరో! మిత్రులారా, ఇది తోమితే పోయే మురికి కాదు. పన్ను చిగురులోపల తయారయ్యేటప్పుడే పడిన మచ్చ.

మొన్న దంతవైద్యుని అడిగాను. హైడ్రోజన్ పెరాక్సైడుతో బ్లీచింగు చేస్తారట. మన ల్యాబులో చదివే ఆక్సీకరణమే! గోధుమ మచ్చ కొంత పలచబడుతుంది. తెల్ల మచ్చలు పోవు. కొన్నాళ్ళు పళ్ళు జివ్వుమంటాయి. ఆమ్లంతో పైపొరను సన్నగా అరగదీసే పద్ధతీ ఉంది. కాని పోయిన ఎనామిల్ తిరిగి రాదు. మచ్చ లోతైతే తొడుగే గతి.

తెల్లబరచుకోవడం తప్పనను. ధైర్యంగా నవ్వాలని ఎవరికుండదు? కాని మా నాయిన మాట వినండి: "తెగులు పడ్డ చేనుకు ఆకు తుడిస్తే ఏమైతదిరా? వేరు జూడాలె."

ఇంటికి నల్లా నీళ్ళు వచ్చినా, చేను దగ్గర మావాళ్ళు ఇంకా బోరునీళ్ళే తాగుతున్నారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు నీరు తాగరాదు. సెలవులకు వెళ్ళినప్పుడు ఒక ప్లాస్టిక్ సీసాలో మీ ఊరి నీళ్ళు తెచ్చి పరీక్ష చేయించండి. మన చదువు మన తమ్ముళ్ళ, చెల్లెళ్ళ నవ్వునైనా కాపాడనీ!