వంటయింటి ముచ్చట: ఏకపాత్ర మకరోనీ

మకరోనీ ఉడికించుట కొక గిన్నె, పాలరసము కాచుట కొకటి, ఓవెన్‌లో పెట్టుట కింకొకటి. ఇది ప్రాతపద్ధతి. ఇటలీయందు పెల్లెగ్రీనో అర్తూసి 1891లో ప్రకటించిన వంటపుస్తకములోను వెన్న, పిండి, పాలు కలిపి కాచు నీ రసము కలదు. రుచి మంచిదే, కాని మా యింట గిన్నెలు తోమునది మా అమ్మాయి. దానికి పరీక్షలు దగ్గరపడినవి.

కావున ఒక్క పాత్రతోనే ప్రయత్నించితిమి. మొదటిమారు పాలు తక్కువ పోసి, మూత వేయ మరచితిమి. పైముక్కలు పుల్లలవలె నుండెను. మావారు మాటాడక నమలిరి.

ఇప్పుడు కుదిరిన కొలత యిది: ఉడికించని మకరోనీ 250 గ్రాములు, వేడిపాలు 750 మిల్లీలీటర్లు, వేడినీరు 250, మీగడ 100 గ్రాములు, తగినంత ఉప్పు, మిరియాలపొడి. పాలు చల్లగానున్న ఉడుకుట ఆలస్యమగును. అన్నియు లోతైన గాజుపాత్రలో కలిపి, రేకుతో గట్టిగా మూసి, 200 డిగ్రీల వేడిలో 30 నిమిషము లుంచవలెను. తీసి కలియబెట్టి, తురిమిన చీజు 100 గ్రాములు చల్లి, మూత లేక 15 నిమిషములు కాల్చవలెను. పిదప 10 నిమిషములు ఆరనిచ్చిన చిక్కబడును.

ఇందు మైదా యక్కరలేదు. మనము వార్చి పారబోయు గంజియే పాలను చిక్కబరచును. గంజి విలువ మనకు క్రొత్తగా చెప్పవలెనా?

నిన్నరాత్రి తోమవలసినది ఒక్క పాత్ర. దానిని మేమే తోమితిమి. అమ్మాయి పుస్తకము ముందరనుండి లేవలేదు.