పెద్దపేరు నీడన

పల్నాటి సీమలో కర్త తెలియని పద్యమేది వినబడినను అది శ్రీనాథునిదే యని తేల్చివేయుట మనవారికి చిరకాలపు టలవాటు. ఈ సీమ జొన్నకూటిని, నీళ్ళ కఱవును ఎత్తిపొడుచు చాటువులెన్నో యా మహాకవి పద్దున జమపడినవి. వానిలో ఆయన నిజముగా చెప్పినవెన్నియో నిరూపింపగలవారు లేరు. ఏనాటిదో ముచ్చట గనుక నవ్వి యూరకుండవచ్చును. కాని యలవాటు శ్రీనాథునితో నాగలేదు.

1895లో వినుకొండయందు జన్మించిన గుఱ్ఱం జాషువగారు శ్మశానవాటిని గూర్చి పద్యములు రచించిరి. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి హరిశ్చంద్ర నాటకమున కాటిసీను వచ్చుసరికి, నటులా పద్యములను చొప్పించి, హార్మోనియము శ్రుతిపై రాగము సాగదీసి పాడుచుండ, జనులు వన్స్‌మోరులతో పందిరి దద్దరిల్లజేసిరి. అవి నాటకకర్తవే యని నమ్మి యిండ్లకు పోయిన ప్రేక్షకులెందరో! బలిజేపల్లివారికి పరుల పద్యముల యవసరము లేదు. నటులయందును దురుద్దేశము నారోపింపజాలము, మంచి పద్యము దొరికినచోట వాడుకొనుట రంగస్థల ధర్మమని వారు తలచియుందురు. అయినను తెర లేవకమునుపు 'ఈ పద్యములు జాషువవి' యని చాటుటకు పట్టునది యరనిమిషము. కులము పేర పంక్తిలో చోటు నిరాకరింపబడిన కవి పద్యమును లోనికి పిలిచి, ఆయన పేరును వాకిటనే నిలిపిన యీ మర్యాద యెట్టిదో చదువరులే యోచింతురు గాక.

1957 నాటి కాపీరైటు చట్టములోని 57వ సెక్షను, హక్కులమ్ముకొన్న పిమ్మటగూడ, రచన తనదని చెప్పుకొను అధికారమును కర్తకు నిలుపుచున్నది. 1971లో జాషువగారు గతించిరి గనుక, వారి రచనలపై ఆర్థికమైన హక్కు 2031 సంవత్సరాంతము వఱకు నుండును. రిజిస్టరు చేయింపనిదే హక్కు లేదను భ్రమ మన రచయితలలో మెండు. వ్రాసిననాడే హక్కు పుట్టును, రిజిస్ట్రేషను వ్యాజ్యములో సాక్ష్యమునకు మాత్రమే. క్రొత్త యంత్రమును కనిపెట్టినవాని సంగతి వేఱు. పేటెంటుకు దరఖాస్తు పెట్టకమునుపే నలుగురిలో చాటెనా, సాధారణముగా అది చేజాఱినట్లే.

ఇక కారెంపూడి. కార్తీకామావాస్య మొదలు ఐదు దినములు పల్నాటి వీరుల యుత్సవము జరుగుచుండ, వీరవిద్యవంతులను గాయకులు పాడు వారి కథ ముద్రితగ్రంథము కాదు, కంఠముననే నిలిచినది. 1911లో అక్కిరాజు ఉమాకాంతంగారు ప్రకటించిన పల్నాటి వీరచరిత్రము శ్రీనాథకృతమగునా కాదా యని పండితులు వాదించిరేగాని, రాత్రులు మేలుకొని పాడిన గాయకుల పేళ్ళడిగినవారరుదు. జీన్ రోఘైర్ అను పాశ్చాత్య పండితుడు 1982లో ఆక్స్‌ఫర్డు వారు ప్రకటించిన తన గ్రంథమున, ఈ కథ ఆలిసెట్టి గాలెయ్య పాడినదని స్పష్టముగా చెప్పెను. కథ సర్వజనులది, దానిపై నెవ్వరికిని కాపీరైటు లేదు. పాడినవాని ప్రదర్శనపై మాత్రము 1994 సవరణచే వానికి హక్కేర్పడినది. పాములవానిని, గారడీవానిని సైతము ప్రదర్శకులలో చేర్చిన చట్టము వీరవిద్యవంతుని విడుచునా? నేడు తిరునాళ్ళలో సెల్‌ఫోనుతో పాటను పట్టి, క్రింద తమ ఛానలు పేరు పెద్ద యక్షరములతో వేసికొను యువకులకు ఈ సంగతి తెలియదనియే యనుకొందము.

జానపద గేయములను సేకరించి మాకు పంపు మిత్రులు ఇకపై గాయకుని పేరు, ఊరు, ఆతని సమ్మతి జతపఱుపవలయును. అవి లేనిచో, గేయమెంత రమ్యమైనను, మా ఖర్చుతోనే త్రిప్పి పంపెదము.