దుప్పటి కింద బండి

ఇంటి మగమనిషి పోతే ఆయన బండి వరండాలో ఓ మూలకు, దుప్పటి కిందకు చేరుతుంది. ముట్టుకుంటే ఆయన్ని మరిచిపోయినట్టని మనవాళ్ళ లెక్క. నాకు ఆ లెక్క నచ్చదు. ఆళ్ళగడ్డలో మా మామగారి స్ప్లెండర్ మూడేళ్ళు అలాగే ఉంది. అత్తమ్మేమో 40 కిలోమీటర్ల దూరంలోని నంద్యాలకు చూపించుకోవడానికి వెళ్ళాలంటే ఎండలో బస్సు కోసం నిలబడేది. ఆడబిడ్డ "నేను నడుపుతా" అంటే, "అమ్మేయండి, ఆడపిల్లకెందుకు" అన్నారు బంధువులు.

మెకానిక్ మొదటి మాటే "కిక్ కొట్టొద్దమ్మా". పాత పెట్రోలు జిగురై కార్బురేటర్‌లో సన్న రంధ్రాలు మూసేస్తుందట. పైగా ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్ తేమను లాగుతుంది, ట్యాంకు తుప్పు పడుతుంది. అందుకని పాతదంతా వంపేసి, కార్బురేటర్ విప్పి కడిగాడు. ప్లగ్గు తీసి లోపల నాలుగు చుక్కల ఇంజన్ ఆయిల్ వేసి, కిక్కును చేత్తో మెల్లగా కదిలించాడు. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలక కాపురం! బ్యాటరీ, బీటలిచ్చిన టైర్లు కొత్తవి వేయించాం. బ్రేకులు చూడకుండా రోడ్డెక్కొద్దు.

ఇంతకన్నా పెద్ద పని కాగితాలు. చనిపోయినవాళ్ళ పేరు మీదున్న ఆర్‌సీని ఫారం 31తో వారసుల పేరుకు మార్చుకోవాలి. 15 ఏళ్ళు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యువల్, ఆపైన ఇన్సూరెన్సు. స్కూటీ లైసెన్సు గేరు బండికి పనికిరాదు, అదీ చూసుకోండి. ఆర్‌సీ ఎవరి పేరు మీదకని ఇంట్లో అడిగితే, మిగతా వారసుల ఒప్పుదల తీసుకుని, నడిపే ఆడపిల్ల పేరు మీదకే అంటాను నేను.