ట్రే లేని ఫోన్‌లో ఊరి నంబరు

అమెరికాలో 2022 నుంచి వస్తున్న కొత్త ఐఫోన్లకు సిమ్ పెట్టే ట్రే లేదు. ఐఫోన్ 14తో అక్కడ దాన్ని తీసేశారు. 2025లో ఐఫోన్ 17 వచ్చేసరికి సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌లలో కూడా తీసేశారు. మన దేశంలో అమ్మే 17కి మాత్రం ఇంకా ఉంది. ఈ దేశాల పేర్లు చదువుతుంటే మనకు మనుషులు గుర్తొస్తారు. డాలస్‌లో ఎమ్మెస్ చేస్తున్న మేనకోడలు, కువైట్‌లో ఉన్న రాజంపేట బాబాయి, దుబాయ్‌లో పనిచేస్తున్న జగిత్యాల కుర్రాడు. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే చోట్లే ప్లాస్టిక్ సిమ్‌కు చోటు లేకుండా పోతోంది.

అక్కడ కొన్న ఆ ఫోన్‌లో అక్కడి నంబరుతో పాటు ఇక్కడి నంబరూ బతకాలంటే రెండు ఈ-సిమ్‌లు ఒకేసారి నడవాలి. నడుస్తాయి కూడా. 2018లో వచ్చిన ఎక్స్‌ఎస్, ఎక్స్‌ఆర్ మోడళ్లలో ఒకటి ప్లాస్టిక్, ఒకటి ఈ-సిమ్‌గా ఉండేది. రెండూ ఈ-సిమ్‌లే అయినా పనిచేసే సౌకర్యం 2021లో ఐఫోన్ 13తో వచ్చింది. ఆండ్రాయిడ్ 13 తర్వాత పిక్సెల్ 7 లాంటి ఫోన్లకూ వచ్చింది. ఈ-సిమ్ అంటే ఫోన్ బోర్డు మీదే అతికించిన చిప్పు. మన నంబరును నెట్‌వర్క్ గుర్తుపట్టడానికి కావలసిన రహస్య సమాచారమంతా ప్రొఫైల్ రూపంలో ఆ చిప్పులోకి దిగుతుంది. ఐఫోన్‌లో అలాంటి ప్రొఫైళ్లు ఎనిమిదో అంతకంటే ఎక్కువో దాచుకోవచ్చు గానీ, ఒకేసారి పనిచేసేవి రెండే.

ఒక ఫోన్‌లో రెండు నంబర్లు మనకు కొత్తేం కాదు. రెండు సిమ్‌ల చవక ఫోన్లు చాలా ఏళ్ల కిందటే పల్లెపల్లెకూ చేరాయి. అప్పట్లో రెండో సిమ్ చవక కాల్స్ కోసం, ఒక నెట్‌వర్క్ అందని చోట ఇంకొకటి అందుతుందని. విదేశంలో ఉన్నవాడికి ఊరి నంబరు అవసరం పూర్తిగా వేరు. ఆ నంబరుకు ఎవరూ ఫోన్ చేయకపోయినా పర్వాలేదు, అది బతికుంటే చాలు. బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది. ఆధార్ ఓటీపీ దానికే. ఇన్‌కంటాక్స్ రిటర్ను వెరిఫై చేయాలన్నా, పాత ఉద్యోగం పీఎఫ్ తీసుకోవాలన్నా అదే కావాలి. రీచార్జి లేక, వాడకం లేక నంబరు రద్దయితే, 90 రోజులు దాటాక దాన్ని ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. ఈ గడువు సంగతి 2023లో సుప్రీంకోర్టు ముందుకూ వచ్చింది. మన ఖాతా ఓటీపీలు ఎవరో తెలియని మనిషి ఫోన్‌లో మోగే ప్రమాదం అక్కడుంది.

అందుకే చాలామంది ఊరి సిమ్‌ను నాన్న దగ్గర వదిలేసి వెళ్తారు. అమెరికాలో రాత్రి పదకొండింటికి కొడుకు డబ్బు పంపుతుంటాడు, ఇక్కడ పొద్దున్నే నాన్న కళ్లజోడు వెతుక్కుని ఆరంకెలు చదివి చెబుతుంటాడు. ఇది ఎన్నో ఇళ్లలో మామూలు సంగతి. నాకు దీన్ని చూస్తే భయమేస్తుంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు మొత్తుకుంటుంటే, ఫోన్‌లో వినిపించే గొంతుకు ఓటీపీ చదివి చెప్పడాన్ని మనమే మన పెద్దవాళ్లకు అలవాటు చేస్తున్నాం. ఆ గొంతు రేపు కొడుకుది కాకపోతే? రెండు ఈ-సిమ్‌ల వల్ల నాకు కనిపించే అతి పెద్ద మేలు ఇదే. ఎవరి ఓటీపీ వాళ్ల చేతిలోనే ఉంటుంది, అరవై దాటిన తల్లిదండ్రుల నెత్తిన ఆ భారం ఉండదు.

పనిచేసే తీరు తెలిస్తే వాడకం తేలిక. చాలా ఫోన్లలో రెండు నంబర్లూ నిరీక్షణలో ఉంటాయి. ఒకే మనిషి రెండు గుమ్మాల మధ్య కూర్చుని ఏ తలుపు తట్టినా వింటున్నట్టు. ఒక గుమ్మంలో మాట్లాడుతుంటే రెండోది మామూలుగా వినపడదు. అమెరికా నంబరు మీద కాల్‌లో ఉన్నప్పుడు ఊరి నంబరుకు వచ్చిన కాల్ అందకపోవచ్చు. మెసేజ్ మాత్రం పోదు, కాసేపటికి వస్తుంది. డేటా ఒక సమయంలో ఒక్క నంబరు మీదే నడుస్తుంది కాబట్టి అది అక్కడి నంబరు మీదే ఉండాలి. ఊరి నంబరు మీద డేటా రోమింగ్ ఆపేయాలి. ఐఫోన్‌లో డేటాను దానంతటదే ఒక నంబరు నుంచి ఇంకో నంబరుకు మార్చే సెట్టింగు ఒకటుంది, దాన్నీ ఆపేయాలి. రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌కు సాధారణంగా ఖర్చుండదు. కాల్ ఎత్తితే ఉంటుంది. ఊరి నంబరుకు కాల్ వస్తే కట్ చేసి వాట్సాప్‌లో తిరిగి చేయడమే మంచిది. యూఏఈలో వాట్సాప్ కాల్స్ మీద ఆంక్షలున్నాయి గనుక అక్కడివాళ్లకు ఆ వీలు లేదు.

ఇంకో సంగతి. అమెరికాలో వాయిదాల మీద కొన్న ఫోన్ చాలాసార్లు ఆ కంపెనీకే లాక్ అయి ఉంటుంది. లాక్ తీసేదాకా రెండో ఈ-సిమ్‌గా మన నంబరును ఒప్పుకోదు. కొనేముందే అడగాలి.

మన దగ్గర ఎయిర్‌టెల్, జియో, వీఐ ప్లాస్టిక్ సిమ్‌ను ఈ-సిమ్‌గా మార్చి ఇస్తాయి. ఆ పని మొదలుపెట్టడానికి సాధారణంగా అదే నంబరు నుంచి మెసేజ్ పంపాలి. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపాలని 2022 చివర్లో టెలికాం శాఖ ఆదేశించింది. విమానం రేపనగా ఈ రాత్రి ఈ పని పెట్టుకుంటే, ఓటీపీ కావలసిన సమయానికి మెసేజ్ రాకపోవచ్చు. ఓ వారం ముందే తేల్చుకోవాలి.

ఇంతవరకూ సదుపాయం బాగానే ఉంది. నా బాధంతా ఆ ఫోన్ పగిలిన రోజు గురించి. ప్లాస్టిక్ సిమ్ అయితే పగిలిన ఫోన్‌లోంచి తీసి ఇంకో దాంట్లో వేసుకునేవాళ్లం. ఈ-సిమ్ ఫోన్‌తో పాటే పోతుంది. ఒకసారి వాడిన క్యూఆర్ కోడ్ మామూలుగా రెండోసారి పనిచేయదు. కొత్త ప్రొఫైల్ అడగాలంటే ఆపరేటరు ఆ నంబరు నుంచే మెసేజ్ పంపమంటాడు, లేదా స్టోరుకు రమ్మంటాడు. ఆ నంబరు పనిచేస్తుంటే అడగాల్సిన పనే లేదు కదా! నంబరు కొడుకు పేరు మీద ఉంది కాబట్టి తండ్రి స్టోరుకు వెళ్లినా లాభం లేదు. షికాగోలో ఉన్న పిల్లవాడు వేలిముద్ర వేయడానికి హైదరాబాద్ రావాలా?

ఈ కట్టుదిట్టం ఎందుకో నాకు తెలుసు. కస్టమర్ కేర్ అని ఫోన్ చేసి, లింకు పంపి, మన నంబరును తమ ఫోన్‌లోకి ఈ-సిమ్‌గా లాగేసుకుని ఖాతాలు ఖాళీ చేసే ముఠాలున్నాయి. తలుపులు బార్లా తెరవమని ఎవరూ అనరు. కానీ ఈ నిబంధనలు రాసినవాళ్ల మనసులో కస్టమర్ ఎప్పుడూ దేశంలోనే ఉన్నాడు. రిజర్వు బ్యాంకు 2020లో బ్యాంకులకు వీడియో కేవైసీ అనుమతించింది. దానిలోనూ కస్టమర్ దేశంలోనే ఉన్నాడని లొకేషన్ చూసి తేల్చుకోవాలనే షరతుంది. 2025 నవంబరులో టెలికాం శాఖ ఇంకో అడుగు వేసి, మెసేజింగ్ యాప్‌లు ఫోన్‌లో చురుగ్గా ఉన్న సిమ్‌తో ముడిపడి ఉండాలని ఆదేశించింది. నంబరు మీద ఆధారపడే పనులు పెంచుకుంటూ పోతున్నప్పుడు, దూరాన ఉన్నవాడు పోగొట్టుకున్న నంబరును తిరిగి తెచ్చుకునే మార్గం కూడా ఉండాలి.

కుదరదనడానికి వీల్లేదు. 2023 జనవరిలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ పది దేశాల ఫోన్ నంబర్లతో ప్రవాసులు యూపీఐ వాడుకోవడానికి అనుమతించింది. అమెరికా, సౌదీ, యూఏఈ, ఒమన్, ఖతార్ వాటిలో ఉన్నాయి, కువైట్ లేదు. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ అనే ప్రవాస ఖాతాలున్నవాళ్లకు అది పెద్ద ఊరట. రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఇచ్చిన నిబంధనలకు అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరే, అది ఎస్సెమ్మెస్ ఓటీపీయే కానక్కర్లేదని వాటి సారం. బ్యాంకులు దీన్ని కాగితం మీదే ఉంచకుండా ప్రవాస ఖాతాల దగ్గరే మొదలుపెట్టాలి. ఆధార్ ఓటీపీని విదేశీ నంబరుకు కూడా పంపే ఏర్పాటు యూఐడీఏఐ చేయాలి. ఆపరేటర్లు పాస్‌పోర్టు, వీసా చూసి, వీడియోలో ముఖం సరిపోల్చుకుని, రిజిస్టరైన ఇమెయిల్‌కు రెండు రోజుల వ్యవధితో కొత్త ప్రొఫైల్ పంపే పద్ధతి పెట్టాలి. ఆ రెండు రోజుల్లో పాత ఇమెయిల్‌కూ, ముందే ఇచ్చిన ఇంట్లోవాళ్ల నంబరుకూ హెచ్చరిక వెళ్తే దొంగకు పని కష్టమవుతుంది. ప్రవాసికి నిరీక్షణ రెండు రోజులే.

అలాంటి పద్ధతి వచ్చేదాకా, విదేశం వెళ్లేవాళ్లు ఆపరేటరు దగ్గర తమ పేరు మీద ఏ ఇమెయిల్ రాసి ఉందో ఒకసారి చూసుకోవాలి. సిమ్ తీసుకున్న రోజు షాపువాడు రాసిన ఇమెయిలే ఇంకా ఉండిపోయి ఉండవచ్చు. క్యూఆర్ కోడ్ వెళ్లేది దానికే.