ఆహార భద్రత పాఠం పొలం నుంచి మొదలవ్వాలి

తెలుగులో ఆహార భద్రత అనే మాటకు రెండు అర్థాలున్నాయి. అందరికీ తిండి దొరకడం ఒకటి, దొరికిన తిండి ప్రాణానికి హాని చేయకుండా ఉండడం రెండోది. మొదటిదానికి 2013లో చట్టం వచ్చింది. రెండోదానికి అంతకు ముందే, 2006లో చట్టం చేశారు. కానీ అది నేటికీ అధికారులు, హోటళ్ల వ్యవహారంగానే మిగిలింది. అది బడిలో పాఠం కావాలి, ఆ పాఠం చెప్పే టీచర్లకు తగిన శిక్షణ ఇవ్వాలి అని మేము కోరుతున్నాం. ఇది రైతుల సమస్య కూడా.

2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు చనిపోయారు. వంటలో కలిసిన విషం మోనోక్రోటోఫాస్. రైతులకు బాగా తెలిసిన పురుగుమందే అది. ఖాళీ మందు డబ్బా లేని రైతు ఇల్లు మన ఊళ్లలో ఎన్ని? డబ్బా మీది రంగు గుర్తుల్లో ఎరుపు అన్నిటికన్నా తీవ్రమైన విషానికి, తర్వాత వరసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉందంటే ప్రమాదం లేదని కాదు. ఈ సంగతి ఎనిమిదో తరగతి పిల్లకు తెలిస్తే ఆ ఇంట్లో మందు డబ్బా వంటగదిలోకి రానివ్వదు.

తెలియనిచోట పుకారు పుడుతుంది. రేషన్ బియ్యంలో, బడి బియ్యంలో ప్లాస్టిక్ గింజలున్నాయని భయపడి తల్లులు వాటిని ఏరి పారేస్తున్నారు. నిజానికి అవి బియ్యప్పిండికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ చేర్చి తయారుచేసిన గింజలు. వంద కిలోలకు ఒక కిలో చొప్పున కలిపారు. ఆ పథకం మంచిచెడ్డల మీద వాదించుకోవచ్చు, కానీ తెలుసుకుని వాదించాలి. కూరగాయలన్నీ విషమే, పాలన్నీ కల్తీవే అనే ప్రచారం కూడా ఇలాంటిదే. దాని దెబ్బ నేరుగా రైతు మీద పడుతుంది. మందు కొట్టాక కోతకు ఎన్నాళ్లు ఆగాలో తెలిసిన పిల్లలు ఇంట్లో నాన్నకు గుర్తుచేస్తారు. పాలలో పిండి కలిస్తే అయోడిన్ చుక్కతో నీలం రంగు వస్తుందని చూసిన పిల్లలు పాలు పోసే ప్రతి రైతునూ అనుమానించరు.

పాఠానికి కావలసిన సరుకు మన ఇళ్లలోనే ఉంది. చద్దన్నం ఎందుకు పులుస్తుంది? పొద్దున వండిన కూర మధ్యాహ్నం దాకా గోరువెచ్చగా ఉంచితే ఎందుకు పాడవుతుంది? సరిగా ఆరని వేరుశెనగను బస్తాకెత్తితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, వండినా అది పూర్తిగా పోదు. ఇది ఆరోగ్య పాఠం, గిట్టుబాటు ధర పాఠం కూడా.

అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ సైన్స్ టీచర్ల కోసం పొలం నుంచి కంచం దాకా ప్రయోగాలతో పాఠాలు తయారుచేసి శిక్షణ ఇచ్చింది. మన దేశంలోనూ బడిపిల్లల కోసం ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పుస్తకాలు తెచ్చింది. బడి గేటుకు 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని 2020లో నిబంధన పెట్టింది. పుస్తకం, నిబంధన ఉంటే చాలదు, వాటిని అర్థమయ్యేలా చెప్పే మనిషి కావాలి.

ఆ మనుషుల్ని తయారుచేయడానికి మనం దూరం వెళ్లక్కర్లేదు. ఆమదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. నైరలో వ్యవసాయ కళాశాల, రాగోలులో పరిశోధన స్థానం, వమరవల్లిలో డైట్ ఉన్నాయి. ఇవన్నీ ఒక జిల్లాలోవే. వీటిని కలిపే ఉత్తర్వు ఒకటి కావాలి.

టీచర్ల మీద ఇప్పటికే భారం ఎక్కువన్నది నిజం. భోజనం ఫొటోలు, యాప్‌లతో వాళ్లకు పాఠం చెప్పే సమయమే తగ్గింది. కాబట్టి ఈ శిక్షణ ఇంకో యాప్ కాకూడదు. ఇప్పుడున్న శిక్షణ రోజుల్లోనే దీనికి చోటివ్వాలి.

మా డిమాండ్లు ఇవి: ప్రతి ఉన్నత పాఠశాల నుంచి ఒక సైన్స్ టీచరుకు కేవీకేలో ప్రయోగాలతో శిక్షణ ఇవ్వాలి. మధ్యాహ్న భోజనం వండే అక్కచెల్లెళ్లనూ ఆ శిక్షణకు పిలవాలి. పరీక్షలకు కావలసిన సామగ్రి ప్రభుత్వమే సరఫరా చేయాలి. ఏడాదికి ఒకసారైనా పిల్లలను పొలానికి తీసుకురావాలి.

గ్రామ కమిటీలు ఈ నెలలోనే తమ మండల విద్యాశాఖాధికారికి వినతిపత్రం ఇవ్వాలి. బడి పిలిస్తే వెళ్లి తన పంట గురించి చెప్పే రైతును ప్రతి ఊరూ ఇప్పుడే ఎంచుకోవాలి. మనం పండించిందే మన పిల్లలు తింటున్నారు. అది ఎలా కంచం దాకా వస్తోందో వాళ్లకు తెలియాలి.