చాప కింద నీరు

"చాప కింద నీరులా" అన్న మాట చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నా, దాని అసలు అర్థం తెలిసొచ్చింది మాత్రం పోయిన వేసవిలో, అమెరికాలో, ఓ సెకండ్ హ్యాండ్ క్యాంపర్ బాత్‌రూంలో.

క్యాంపర్ అంటే బండి వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. చిన్నవాటిల్లో ఎక్కువగా "వెట్ బాత్" ఉంటుంది. అంటే టాయిలెట్, షవర్ అన్నీ ఒకే గూట్లో. స్నానం చేస్తే గది మొత్తం తడే. ఇక్కడివాళ్ళు చాలామంది ఇదేం ఖర్మ అనుకుంటారు గానీ, మనకేం కొత్త? మన ఇళ్ళల్లో బాత్‌రూములు అవేగా! :)

ఆ ధీమాతోనే కొన్నాను. ఒక్క తేడా మాత్రం తట్టలేదు. మన బాత్‌రూం కింద ఉండేది కాంక్రీటు. క్యాంపర్లో ఉండేది పల్చటి ప్లాస్టిక్ పళ్ళెం, దాని కింద ప్లైవుడ్. అడుగున ఆనుడు లేని చోట కాలేస్తే పళ్ళెం వంగుతుంది. వంగీ వంగీ డ్రెయిన్ చుట్టూ సన్నటి పగులు వస్తుంది. ఇహ అక్కణ్ణించి నీళ్ళు చెక్కలోకి దిగడమే.

నాకా గొడవేం తెలీదు. అమ్మా నాన్నా వస్తున్నారు, నేల జారుతోంది అని ఓ రబ్బరు చాప తెచ్చి పరిచేశాను. సమస్య తీరిపోయిందనుకున్నా. రెండు ట్రిప్పుల తర్వాత నాన్న లోపలికెళ్ళి, "ఒరేయ్, ఇక్కడ మెత్తగా దిగుతోందేంట్రా?" అన్నారు. చాప ఎత్తితే కింద పసుపు మరక, మరక మధ్యలో పగులు. పళ్ళెం ఊడదీసి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ప్లైవుడ్‌లోకి నానిన బిస్కెట్‌లోకి దిగినట్టు దిగింది. ఆయన అక్కడ కాలు తిరగబడి పడుంటే? తల్చుకుంటే ఇప్పటికీ గుండె దడే.

ఆ తర్వాత చాలా చదివి, కొంత చేతులు కాల్చుకుని నేను తేల్చుకున్నవి ఇవీ:

రబ్బరు చాప వద్దు. మరకలు పడతాయి, కింద తడి ఆరదు. వెదురు చాప చవకే గానీ బూజు పడుతుంది. సిరామిక్ టైల్స్ ఆలోచనే వద్దు. బరువు సంగతి అటుంచండి, రోడ్డు మీద కుదిపే బండిలో టైల్స్ మధ్య సందులు పగలక మానవు. పెయింటూ అంతే, కింద నేల వంగుతుంటే పైన అది నిలవదు.

ఒకదానికొకటి తగిలించుకునే ప్లాస్టిక్ పలకలు నయం. తేలిక, చవక, నీళ్ళు కిందకి పోతాయి. బడ్జెట్ తక్కువైతే ఇవి చాలు. నా ఓటు మాత్రం టేకు పట్టీల చట్రానికే. టేకులో సహజంగా ఉండే నూనె వల్ల నీటికి తొందరగా పాడవదు, అందుకే పడవల డెక్కులకీ దాన్నే వాడుతూ వచ్చారు. ఆదిలాబాద్ టేకు గురించి గొప్పగా చెప్పుకునే మనకి ఇది వేరే చెప్పాలా! ఖరీదు ఎక్కువే, ఒప్పుకుంటాను.

కానీ నా అసలు వాదన చాప గురించి కాదు. పైన ఏది పరిచినా అది రక్షణ కాదు, కాళ్ళకి సౌకర్యం మాత్రమే. రక్షణ అంతా కిందుంది. కుళ్ళిన ప్లైవుడ్ కోసి కొత్తది వేశాను. పళ్ళెం కింద ఖాళీల్లో గట్టి ఫోమ్ ముక్కలు ఆనించాను. డ్రెయిన్ చుట్టూ మళ్ళీ సీలు చేశాను. బండి ఆపగానే లెవెల్ చూసుకుంటున్నాను, ఒరిగి ఉంటే నీళ్ళు డ్రెయిన్‌కి పోకుండా మూలన నిలుస్తాయి కాబట్టి. టేకు చట్రాన్ని రెండు ముక్కలుగా చేయించాను, స్నానం అవగానే ఎత్తి గోడకి ఆనించడానికి.

మన వృత్తిలోనూ ఇదే కదా చేస్తాం? ఎర్రర్ వస్తోందంటే దాని మీద ఖాళీ క్యాచ్ బ్లాక్ ఒకటి పరిచేసి, "ఫిక్స్‌డ్" అని టికెట్ మూసేస్తాం. స్క్రీన్ మీద ఎర్రర్ కనపడదు, అంతే. కింద చెక్క కుళ్ళుతూనే ఉంటుంది, ఎవరో ఒకరు కాలేసే దాకా.

కాబట్టి నా సలహా ఒక్కటే. టేకో, ప్లాస్టిక్కో మీ ఇష్టం, సులువుగా ఎత్తి చూడలేని చాప మాత్రం కొనకండి. కొన్నాక ఎత్తి చూడటం మానకండి.